రాసింది నేనే, తనిఖీ చేసిందీ నేనే

విమానాల మరమ్మతులో టూల్స్ లెక్క ఎలా చూడాలో చెప్పే ప్రొసీజర్ (రాతలో ఉన్న పని పద్ధతి) మొదటి పేజీలో 'తయారు చేసినవారు' అన్న గడిలో నా సంతకం ఉంది. ఎనిమిది నెలల తరువాత, దాని ప్రకారం పని జరుగుతోందో లేదో చూసిన ఆడిట్ కాగితం మీద 'తనిఖీ చేసినవారు' అన్న గడిలోనూ నా సంతకమే ఉంది. బయటి నుంచి వచ్చిన ఆడిటర్ ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఇందులో తప్పుంటే మీకు కనిపిస్తుందా?"

కనిపించలేదు. అంతకు రెండు నెలల ముందు ఒక రాత్రి ఆ తప్పు హ్యాంగర్‌లో బయటపడింది కూడా. అప్పుడైనా నేను దాన్ని నా కాగితంలో చూడలేదు. ఒక కుర్ర మెకానిక్‌లో చూశాను.

దక్షిణాదిలో ఒక పెద్ద విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న మరమ్మతు సంస్థ మాది. అక్కడ పదకొండేళ్లు హ్యాంగర్‌లో పనిచేశాను. బీ1 లైసెన్సున్న ఇంజనీరుగా ఇంజన్లు, ల్యాండింగ్ గేర్లు, రెక్కల వెనుక అంచున కదిలే ఫ్లాపులు చూసుకుని, పని పూర్తయ్యాక విమానాన్ని విడుదల చేస్తూ సంతకం పెట్టేవాడిని. తరువాత క్వాలిటీ విభాగానికి మార్చారు. చేరిన మొదటి వారంలోనే నా బల్ల మీదికి ప్రొసీజర్ల కట్ట వచ్చింది. టూల్స్ ఎలా ఇచ్చిపుచ్చుకోవాలి, విడిభాగాలు ఎలా నిల్వ చేయాలి, షిఫ్టు మారేటప్పుడు పని ఎలా అప్పగించాలి, అన్నీ క్వాలిటీయే రాస్తుంది. ఎందుకని నేను అడగలేదు. నిబంధనలు తెలిసింది మాకు, ఇంగ్లిష్‌లో పొందికగా రాయగలిగింది మేము, ఆడిట్‌కు వచ్చినవారికి జవాబు చెప్పేదీ మేమే. కాబట్టి రాసేదీ మేమే అని ఎవరూ నిర్ణయించకుండానే స్థిరపడిపోయింది.

నిబంధనలో మాత్రం అలా ఎక్కడా లేదు. మన దేశంలో విమానాలకు మరమ్మతు చేసే సంస్థ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి సీఏఆర్-145 అనే నిబంధన కింద ఆమోదం పొందాలి. ఆ ఆమోదానికి ఆధారం ఎక్స్‌పొజిషన్ అనే పుస్తకం. ఎవరు దేనికి బాధ్యులు, పని ఎలా జరుగుతుంది, నాణ్యతను ఎలా తనిఖీ చేస్తారు అన్నవి అందులో వేర్వేరు భాగాలుగా ఉంటాయి. ఈ పుస్తకంలో ఉన్నట్టే సంస్థ నడుస్తుందని, సంస్థ మొత్తానికి జవాబుదారీ అయిన అకౌంటబుల్ మేనేజర్ మొదట్లోనే సంతకం చేసి హామీ ఇస్తారు. ప్రొసీజర్లను సంస్థ ఏర్పరచుకోవాలని నిబంధన చెబుతుంది. వాటిని స్వతంత్రంగా ఆడిట్ చేసే క్వాలిటీ వ్యవస్థ ఉండాలని చెబుతుంది. ఆడిట్ చేసేవారే రాయాలని చెప్పదు. నిజానికి 'స్వతంత్రంగా' అన్న ఆ ఒక్క మాట చదివితే చాలు, రాయకూడదనే అర్థమవుతుంది. ఆ మాటను నేను ఎన్నోసార్లు చదివాను, ఇతరులకు పాఠంగా కూడా చెప్పాను.

టూల్స్ నియంత్రణ ప్రొసీజర్‌ను నేను మూడు రోజుల్లో రాశాను. నా గదిలో, నా కంప్యూటర్ ముందు. పద్నాలుగు పేజీలు. ప్రతి షిఫ్టు చివర ప్రతి మెకానిక్ తన దగ్గరున్న టూల్స్ అన్నీ టూల్ క్రిబ్‌కు, అంటే టూల్స్ ఇచ్చిపుచ్చుకునే గదికి, తెచ్చి అప్పగించాలి, స్టోర్ కీపరు లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాయాలి, ఇద్దరూ సంతకం చేయాలి, తరువాతి షిఫ్టు మళ్లీ అక్కడి నుంచే తీసుకోవాలి. చదివితే వంక పెట్టడానికి లేదు. క్వాలిటీ మేనేజర్ మెచ్చుకున్నారు. ఆడిట్‌లో నేను రిజిస్టర్ తెరిచి చూశాను, ప్రతి పేజీలో సంతకాలు ఉన్నాయి. 'సంతృప్తికరం' అని రాశాను.

ఆ రాత్రి సంగతి చెబుతాను. సీ చెక్ అనే పెద్ద తనిఖీలో ఉన్న ఒక విమానం చివరి దశకు వచ్చింది. ప్యానెళ్లు మూస్తున్నారు. ఒక మెకానిక్ తన పెట్టెలో తనిఖీ అద్దం లేదని గమనించాడు. పిడి సాగదీసుకునే చిన్న గుండ్రటి అద్దం అది. రిజిస్టర్ చూస్తే రాత్రి పది గంటలకు అది క్రిబ్‌కు చేరినట్టు సంతకాలు ఉన్నాయి. క్రిబ్‌లో లేదు. నాలుగు గంటలు వెతికారు. మూసిన ప్యానెళ్లు మళ్లీ తెరిచారు. చివరికి కుడి రెక్క వెనుక అంచున, ఫ్లాప్ ట్రాక్ కవచం లోపల దొరికింది. ఫ్లాపులు కదిలే చోట లోహపు వస్తువు ఇరుక్కుంటే ఏమవుతుందో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. విమానం ఇంకా నేల మీదే ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

విచారణ రాసింది నేనే. కారణం: ప్రొసీజర్ పాటించకపోవడం. చర్య: సదరు మెకానిక్‌కు మళ్లీ శిక్షణ. ఆ అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. అద్దం కనబడటం లేదని దాచకుండా చెప్పినవాడు అతడే. అతడి పేరు పక్కన నేను ఆ వాక్యం రాశాను. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

ఆడిటర్ ప్రశ్న తరువాత నేను టూల్ క్రిబ్‌కు వెళ్లాను. స్టోర్ కీపరు పెద్దాయన. మెకానిక్‌లందరూ ఆయన్ను బాబాయ్ అంటారు. ప్రొసీజర్ ఆయన ముందు పెట్టి, ఇందులో ఏం జరుగుతోంది, ఏం జరగడం లేదు అని అడిగాను. ఆయన కాగితం వైపు చూడలేదు. కిటికీ వైపు చూపించారు.

"సార్, ఉన్నది ఒక్క కిటికీ. షిఫ్టు దిగేవాళ్లు నలభై మంది. ఒక్కొక్కరి టూల్స్ లెక్కపెట్టి రాయాలంటే రెండు నిమిషాలు వేసుకోండి. ఎనభై నిమిషాలు. రెండు షిఫ్టులూ కలిసి ఉండేది అరగంట. మరి మిగతా యాభై నిమిషాలు ఎవరు నిలబడతారు, ఎవరు జీతమిస్తారు? అందుకని పెట్టెలు విమానం పక్కన డాక్ దగ్గరే ఉంటాయి, సంతకాలు మాత్రం ఇక్కడికి వస్తాయి."

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"ఎవరూ అడగలేదు సార్. పుస్తకం వచ్చింది, చదివినట్టు సంతకం చేయమన్నారు."

నలభైని రెండుతో గుణించడం. పద్నాలుగు పేజీలు రాసిన నేను చేయని లెక్క అది. పదకొండేళ్లు అదే కిటికీ ముందు నిలబడినవాడిని కాబట్టి నాకు పని తెలుసని అనుకున్నాను. నేను నిలబడిన రోజుల్లో షిఫ్టుకు పదిహేను మందే ఉండేవారు. హ్యాంగర్ వదిలి రెండేళ్లయితే చాలు, తెలిసిన పని కూడా పాతబడిపోతుంది. ఒకప్పుడు చేసినవారు రాస్తే సరిపోతుందని వాదించేవారికి నేను ఇదే చెబుతాను. ఇప్పుడు చేస్తున్నవారు కావాలి.

బయటి ఆడిటర్ దీన్ని లెవల్ 2 ఫైండింగ్‌గా రాశారు. అంటే వెంటనే పని ఆపించేది కాదు, గడువులోగా సరిచేసి చూపించాలి. మా మొదటి పరిష్కారం చాలా తేలిక. ప్రొసీజర్లన్నిటి మీదా నా పేరు తీసేసి మెయింటెనెన్స్ మేనేజర్ పేరు పెట్టాం. ఆయన ఒక మధ్యాహ్నం కూర్చుని ఇరవై రెండు ప్రొసీజర్ల మీద సంతకాలు చేశారు. వారం తరువాత వాటిలో ఒకదాని గురించి సందేహం వచ్చి ఆయన్ను అడిగితే, "అది మీ క్వాలిటీ వాళ్ల ప్రొసీజర్ కదా, మీరే చూసి చెప్పండి" అన్నారు. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. రాసింది మేము, మార్చేది మేము, ఆయన చేతిలో ఉన్నది కలం మాత్రమే. పేరు మారితే సొంతం అయిపోదని అక్కడ మాకందరికీ తెలిసివచ్చింది.

రెండోసారి అకౌంటబుల్ మేనేజర్ ముందు కూర్చున్నాం. మెయింటెనెన్స్ మేనేజర్ తన అభ్యంతరం సూటిగా చెప్పారు. "మా వాళ్లు రాస్తూ కూర్చుంటే విమానం ఎవరు చూస్తారు? ఒక్కొక్కరి గంటకూ లెక్క ఉంది. పైగా రాయడం మా వాళ్లకు అలవాటు లేదు." క్వాలిటీ మేనేజర్ భయం వేరు. "హ్యాంగర్‌కు వదిలేస్తే నిబంధన మరిచిపోయి, తమకు వీలైన దారి రాసుకుంటారు." రెండు అభ్యంతరాలూ నిజాయితీగా వచ్చినవే. వాటిని కొట్టిపారేసి ముందుకు వెళ్లి ఉంటే రెండో ప్రయత్నం కూడా మొదటిదానిలాగే అయ్యేది.

క్వాలిటీ మేనేజర్ భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1979 మే 25న షికాగోలో డీసీ-10 విమానం నేల విడుస్తూ ఉండగానే ఎడమ ఇంజన్ దాన్ని మోసే పైలాన్‌తో సహా ఊడిపోయింది. 273 మంది చనిపోయారు. ఇంజన్‌ను విడిగా దించి, ఆ తరువాత పైలాన్‌ను తీయాలన్నది తయారీదారు పద్ధతి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండింటినీ కలిపి ఫోర్క్‌లిఫ్ట్‌తో దించే పద్ధతి పెట్టుకుంది. ఒక్కో విమానానికి సుమారు 200 పనిగంటలు ఆదా అవుతాయని. ఆ పనిలో పైలాన్ అతుకు దగ్గర పగులు వచ్చింది. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నేను సమావేశంలో చెప్పింది దాని తరువాతి సంగతి. ఆ పద్ధతిని కాగితం మీద పెట్టింది ఇంజనీరింగ్ విభాగం. బోల్టులు ఏ వరుసలో విప్పాలో అందులో ఉంది. హ్యాంగర్‌లో అది కుదరక మెకానిక్‌లు వరుస మార్చుకున్నారు. ఆ మార్పు రాసినవారి దాకా చేరలేదు. అంటే అక్కడ పని తెలియనివారు రాశారు, రాతతో సంబంధం లేనివారు పని చేశారు, తయారీదారు సూచన ఇద్దరికీ పక్కన పడిపోయింది. హ్యాంగర్ వారిని రాయనిస్తే ప్రమాదం అనడానికి ఈ ఉదంతాన్ని చూపిస్తారు. నాకు మాత్రం వారిని రాయనివ్వకపోతే ఏమవుతుందో కూడా అందులోనే కనిపిస్తుంది.

మెయింటెనెన్స్ మేనేజర్ అడిగిన గంటల లెక్కకు జవాబు అకౌంటబుల్ మేనేజర్ దగ్గరే ఉండాలి. పనికి కావలసిన డబ్బూ మనుషులూ సమకూర్చే అధికారం ఉన్నవారే ఆ పదవిలో ఉండాలని నిబంధన అంటుంది. ఆయన కాసేపు ఆలోచించి, ఆరు వారాల పాటు వారానికి రెండు పూటలు అయిదుగురిని పని నుంచి విడుదల చేయడానికి ఒప్పుకున్నారు. వారి గంటలు ఏ విమానం ఖాతాలోకీ వెళ్లవు, సంస్థ భరిస్తుంది. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే మిగతాదంతా మాటలుగానే మిగిలేది. ప్రొసీజర్ ఎవరిదని అడిగేవారు ముందుగా దానికి ఎవరి గంటలు కేటాయించారని అడగాలి.

అలా టూల్ క్రిబ్ పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చున్నాం. స్టోర్ కీపరు, పగటి షిఫ్టు మెకానిక్ ఒకరు, రాత్రి షిఫ్టు మెకానిక్ ఒకరు, విమానాలను విడుదల చేసే ఇంజనీరు ఒకరు, ప్లానింగ్ నుంచి ఒకరు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చింది, నేను విచారణలో పేరు రాసిన ఆ అబ్బాయే. అతడిని పిలవమని నేనే అడిగాను. మొదటి రోజు అతడు నా వైపు చూడకుండా కూర్చున్నాడు. నేను విచారణ నివేదికను తిరిగి తెరిపించానని, కారణం మార్చి రాశానని చెప్పాను. "సరే సార్" అన్నాడు. అంతకంటే ఎక్కువ ఏమీ అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

మొదటి వారం ఒక్క అక్షరం కూడా రాయలేదు. షిఫ్టు మారే సమయానికి డాక్ దగ్గర నిలబడి చూశాం. ఎవరి టూల్స్ ఎక్కడ ఉంటున్నాయి, ఎవరు ఎవరికి ఇస్తున్నారు, కిటికీ దగ్గరికి నిజంగా ఏవి వస్తున్నాయి. అందరికీ తెలిసి, ఎక్కడా రాయని పద్ధతి ఒకటి అప్పటికే నడుస్తోంది. దిగే మెకానిక్ తన పెట్టె తెరిచి ఎక్కే మెకానిక్‌కు చూపిస్తాడు, ఇద్దరూ ఒక్క చూపులో లెక్క సరిచూసుకుంటారు. చాలా రోజులు అది బాగానే పనిచేసింది. పెట్టె చూసే సమయం దొరకని రోజున దాన్ని పట్టుకునే మరో అడ్డు లేదు, ఎందుకంటే రెండో అడ్డుగా ఉండాల్సిన రిజిస్టర్ అబద్ధం చెబుతోంది.

రెండో వారం నుంచి రాత మొదలైంది. వాళ్లు తెలుగులో, మధ్యమధ్య హిందీలో చెప్పారు, లైసెన్సున్న ఇంజనీరు ఇంగ్లిష్‌లో రాశారు. రాసింది నేను కాదు. నా పని వింటూ, నిబంధన తగిలిన చోట ఆపడం. మొదటి ముసాయిదాలో రిజిస్టర్‌నే తీసేశారు. బోల్టును ఎంత బిగించాలో కొలిచే టార్క్ రెంచ్ లాంటి, కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) ఉన్న పరికరం ఏ పనికి ఏ రోజు వాడారో తెలియకపోతే, రేపు అది తప్పు చూపిస్తోందని తేలినప్పుడు ఏయే విమానాలను వెనక్కి పిలవాలో ఎలా తెలుస్తుందని అడిగాను. బల్ల దగ్గర ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. రిజిస్టర్ తిరిగి వచ్చింది, కాలిబ్రేషన్ ఉన్నవాటికీ ప్రత్యేక టూల్స్‌కూ మాత్రమే. క్వాలిటీ మేనేజర్ భయపడింది ఇలాంటి చోటే, ఆ భయం అక్కరకొచ్చింది. నిబంధన తెలిసినవారు పక్కన ఉండాలి. కానీ కలం వారి చేతిలో ఉండనక్కరలేదు.

పెద్ద వాదన మరొకచోట వచ్చింది. టూల్ కనబడకపోతే విమానాన్ని ఎవరు ఆపాలి? షిఫ్టు ఇంచార్జి అని ఇంజనీరు అన్నారు. స్టోర్ కీపరు అడ్డుపడ్డారు. "లెక్క తేలలేదని ముందు తెలిసేది నాకు. నేను చెబితే 'కాస్త ఆగు బాబాయ్, వెతుకుతున్నాం' అంటారు, ఈలోగా కాగితాలు పైకి వెళ్లిపోతాయి. ఆపే అధికారం నాకుందని రాయండి. రాసి ఉంటే నేను ఆపుతాను. రాయకపోతే నా మాట ఎవరు వింటారు?"

ఈ మాట నా గదిలో కూర్చుని రాస్తే ఎన్నటికీ నా కలానికి తట్టేది కాదు. చివరికి అలాగే రాశాం. స్టోర్ కీపరు ఇచ్చే టూల్స్ క్లియరెన్స్ కాగితం చేతికి రాకుండా ఏ ఇంజనీరూ విమానాన్ని విడుదల చేయకూడదు. లెక్క తేలకపోతే ఆయన ఎర్ర కార్డు పెడతారు. దాన్ని తీయించే అధికారం మెయింటెనెన్స్ మేనేజర్‌కు ఒక్కరికే, అదీ వెతికిన చోట్లన్నీ రాతలో ఉన్న తరువాతే.

మేము మూడో ముసాయిదాలో ఉండగా, 2024 నవంబరులో ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ నివేదిక ఒకటి బయటికి వచ్చింది. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ వారి ఏ380 విమానం ఇంజన్‌ను, లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్‌తో పరీక్షించినప్పుడు, కంప్రెసర్‌ను తిప్పడానికి వాడే 1.25 మీటర్ల నైలాన్ టూల్ ఇంజన్ లోపలే ఉండిపోయింది. దానితో ఆ విమానం 34 సార్లు, దాదాపు 294 గంటలు ఎగిరింది. 2024 జనవరి 1న మళ్లీ తనిఖీ చేస్తే దొరికింది. టూల్ పోయినప్పుడు అనుసరించాల్సిన ప్రొసీజర్ మొదలుపెట్టకముందే విమానాన్ని విడుదల చేశారని నివేదిక తేల్చింది. ప్రొసీజర్ లేక కాదు, ఉంది. ఆ భాగాన్ని బల్ల దగ్గర తెలుగులో చదివి వినిపించాను. స్టోర్ కీపరు తన ఎర్ర కార్డు పేరాను మరోసారి చదవమన్నారు. 'పెట్టవచ్చు' అన్న చోట 'పెట్టి తీరాలి' అని మార్పించారు.

తరువాత ఒక డాక్‌లో వారం రోజులు ప్రయోగం చేశాం. ప్రొసీజర్ సంస్థలోని మంచి పనితీరును ప్రతిబింబించాలని, తేడా కనిపిస్తే ప్రతి ఉద్యోగీ తెలియజేయాలని, అమలుకు ముందు వీలైనంతవరకు సరిచూసి, వాడి చూడాలని యూరప్ నిబంధనల వివరణలో ఉంది. నేను శిక్షణ తరగతుల్లో ఆ వాక్యాలను తెర మీద చూపించినవాడిని. వాడి చూడటం అంటే ఏమిటో మాత్రం ఆ వారంలోనే చూశాను. పెట్టెల్లో ప్రతి టూలుకూ దాని ఆకారంలో ఫోమ్ కోయించాం, ఖాళీ కనిపిస్తే టూల్ లేదని అర్థం. మేము తెప్పించింది నల్ల ఫోమ్, అడుగున కూడా నలుపే. రెక్క కింద రాత్రిపూట ఖాళీ గడికీ నల్ల పిడి ఉన్న గడికీ తేడా తెలియడం లేదని ఆ అబ్బాయి రెండో రాత్రే చెప్పాడు. అడుగున పసుపు పొర ఉన్న ఫోమ్ వేయించాం.

పద్నాలుగు పేజీలు నాలుగయ్యాయి. సొంతదారు మెయింటెనెన్స్ మేనేజర్. ఈసారి సంతకం చేసే ముందు ఆయన రెండు రోజులు దగ్గర పెట్టుకుని, మూడు చోట్ల ప్రశ్నలు రాసి వెనక్కి పంపారు. ఆ ప్రశ్నలు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నిబంధనతో సరిపోయిందని చూసిన గడిలో క్వాలిటీ తరఫున నా సంతకం ఉంది. కాబట్టి దాని ఆడిట్‌కు నన్ను పంపవద్దని నేనే రాసిచ్చాను, మరొకరు వెళ్లారు. ఆడిటర్ ఎర్ర కార్డు గురించి స్టోర్ కీపరును అడిగితే ఆయన పుస్తకం తెరవకుండానే జవాబు చెప్పారట. రెండుసార్లు కార్డు పెట్టారు, రెండుసార్లూ టూల్ దొరికాకే తీశారు.

క్వాలిటీ పేరుతో ఇంకా చాలా ప్రొసీజర్లు మిగిలే ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఇలాగే అప్పగించాలంటే రెండేళ్లయినా పడుతుంది. మొదట షిఫ్టు అప్పగింత ప్రొసీజర్ తీసుకున్నాం. 1991 సెప్టెంబరు 11న టెక్సస్‌లో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ విమానం తోక భాగం నుంచి తీసిన 47 స్క్రూలను తిరిగి బిగించలేదన్న సంగతి షిఫ్టు మారేటప్పుడు అందాల్సినవారికి అందక, 14 మంది ప్రాణాలు పోయాయి. అందుకే దాన్ని ఆలస్యం చేయదలచుకోలేదు. మొదటి సమావేశం బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకని నోటీసు పంపాను. గంటలోపే రాత్రి షిఫ్టు అబ్బాయి ఫోన్ చేశాడు.

"సార్, రెండింటికి మేము నిద్రలో ఉంటాం. రాత్రి పదింటికి డాక్ దగ్గర పెట్టండి. షిఫ్టు మారేది అప్పుడే కదా, చూస్తూ మాట్లాడుకోవచ్చు."

నోటీసు మార్చి పంపాను. బుధవారం రాత్రి భోజనం పెందలాడే ముగించుకుని హ్యాంగర్‌కు బయలుదేరాను.